తూకం గది పక్క గుట్ట

నాకు క్షమించడం రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను చూసి ఎవరూ బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. మా అమ్మ ప్రతి ఆదివారం నన్ను వన్‌టౌన్ చర్చికి లాక్కెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టేది. మోకాళ్ళు కాయలు కాశాయి గానీ ఆ గుణం మాత్రం అబ్బలేదు. ఒకరు నాకు చేసిన చెడ్డ నేను మర్చిపోను. చేసినవాడు మర్చిపోతే గుర్తు చేస్తాను.

తొంభైల చివర్లో విశాఖపట్నం రేవు వెనక ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో పనిచేశాను. దాని పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. ఓడల్లోంచి దిగిన బొగ్గు వ్యాగన్లూ లారీలూ ఎక్కేదాకా ఆ యార్డులో గుట్టలుగా పడుండేది. గాలి లేచిందంటే పొడి ఊరి మీద పడేది. డాబా మీద వడియాలు పెట్టుకునే యోగం వన్‌టౌన్‌లో ఏ ఇల్లాలికీ లేదు. పొద్దున్నే ముక్కు చీదితే నలుపు. ఆ పొడి లేవకుండా గుట్టలు తడపడం మా పని. ఎనిమిది మంది ఆడవాళ్ళం లావుపాటి రబ్బరు గొట్టాన్ని భుజాల మీద వేసుకుని, ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి లాగుతూ నీళ్ళు కొట్టేవాళ్ళం. ప్రహరీ వెంబడి నాటిన మొక్కలకీ మేమే పోసేవాళ్ళం. మమ్మల్ని నీళ్ళ గ్యాంగు అనేవారు.

బొగ్గు ఎత్తే మగాళ్ళు యార్డు రోల్ మీద, అంటే పక్కా ఉద్యోగుల పట్టీలో ఉండేవారు. వాళ్ళకి యూనియన్లో ఓటుంది, ఆసుపత్రి కార్డుంది. మేము కాంట్రాక్టు. మాకు గేటు దగ్గర ఇచ్చే చీటీ తప్ప ఇంకేం లేదు. పొడి మాత్రం ఓటున్నవాడి మీదా లేనిదాని మీదా ఒకేలా పడేది.

గ్యాంగులో అందరికంటే పెద్దావిడని అక్క అనేవాళ్ళం. ఫిషింగ్ హార్బర్ వైపు మనిషి. గొట్టం పట్టడం, మొక్క నాటడం నాకు నేర్పింది ఆవిడే. మొక్కని గుంటలో పెట్టి మట్టి పోశాక కుడి మడమతో చుట్టూ మూడుసార్లు గట్టిగా తొక్కేది. "మడమెయ్యకపోతే నిలబడదే. సముద్రం గాలొచ్చిందంటే తల వాల్చీసుద్ది" అనేది. ఆవిడకి దగ్గు. మొదట్లో పొద్దున్న మాత్రమే వచ్చేది, తర్వాత్తర్వాత మాట మధ్యలో కూడా వచ్చి మాటని మింగేసేది. కార్డుంటే పెద్ద డాక్టరు చూస్తాడు, ఎక్స్‌రే తీస్తారు, మందులిస్తారు. కార్డు రావాలంటే రోల్ మీదకి ఎక్కాలి. పర్మనెంటు కావాలని నా కోసం కూడా కోరుకున్నాను, కాదనను. కానీ పక్కన నిలబడి ఆ దగ్గు వినేదాన్ని నేనే కాబట్టి, అక్క చేతిలో కార్డు చూడాలన్న పట్టుదల నన్ను పట్టుకుంది.

మా యూనియన్ పెద్దాయన గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఒకసారి ఎక్కడో వేరే ఊళ్ళో యూనియన్ల క్లాసులకి వెళ్ళి, సంచీ నిండా కాగితాలతో తిరిగొచ్చాడు. మర్నాడు గేటు మీటింగులో బల్లెక్కి మొదలుపెట్టాడు.

"బొగ్గు కాల్చేకొద్దీ భూమి వేడెక్కిపోతోందండీ. ఇవాళ కాకపోతే రేపు బొగ్గు పని తగ్గుతుంది. తగ్గాక ఏడిస్తే లాభం లేదండీ. గాలి బాగుచేసే పని, చెట్లు పెంచే పని, ఎండతో కరెంటు తీసే పని, ఇవీ రేపటి ఉద్యోగాలు, పచ్చటి ఉద్యోగాలు. అవి కాంట్రాక్టు కూలీలుగా కాకుండా పక్కా ఉద్యోగాలుగా రావాలని యూనియన్లే ఇప్పట్నుంచీ అడగాలండీ."

జనం మొహాలు చూసుకున్నారు. "ఏటి బావా, బొగ్గు తిని బతుకుతా బొగ్గునే తిడతన్నాడు?" అన్నాడొకడు. "పచ్చటి ఉద్యోగాలంట! మేకలకెయ్యండి" అన్నాడు ఇంకొకడు. గేటంతా గొల్లుమంది. నేను వెనక గొట్టం చుట్టుకుంటున్నాను. నవ్వు చూసి ఒళ్ళు మండింది.

"రేపటి ఉద్యోగం అంటన్నారు, అది మేం ఇయ్యాలే సేత్తన్నాం కదండీ. మరి మాకు ఓటెప్పుడు?" అని అరిచాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా మాటని జేబులో పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ చెయ్యలేదు. అది కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఇక అసలువాడు, యార్డు ఆఫీసరు. సీతమ్మధార నుంచి జీపులో వచ్చేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా. మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకో తెల్ల చొక్కా సొరుగులో ఉండేది. ఆయన గది కిటికీ సందులకి టేపు అంటించి ఉండేది, పొడి దూరకుండా. ఆ వేసవిలో మొక్కలకి టాంకరు ఇవ్వమని అక్క రెండుసార్లు అడిగింది. చూద్దాం అన్నాడు. మొక్కలు నిలువునా ఎండిపోయాయి. అప్పుడు కబురొచ్చింది, కాలుష్యం తనిఖీవాళ్ళు వస్తున్నారని.

ఆఫీసరు మమ్మల్ని ఎనిమిది మందినీ తన గదిలోకి పిలిచాడు. ఆ చల్లటి గదిలోకి మేం వెళ్ళడం అదే మొదలు. "ప్రహరీ వెంబడి తోట కళకళలాడాలి. తనిఖీ బాగా జరిగితే మీ పేర్లు రోల్ మీదకి నేనే రాసి పంపిస్తాను" అన్నాడు. సబ్బవరం వైపు నుంచి ఒక లారీ నిండా కానుగ కొమ్మలు తెప్పించాడు. నిలువెత్తు కొమ్మలు, వేర్లు లేనివి.

ఇక్కడే మా బుద్ధి గడ్డి తింది. ఎవరూ మమ్మల్ని కొట్టి చేయించలేదు. కొమ్మల మొదళ్ళు రాత్రంతా డ్రమ్ముల్లో నానబెట్టాం, ఆకు వాడకుండా. తెల్లారేసరికి మూరెడు లోతు గుంటలు తీసి, వరస తప్పకుండా పాతి, మడమలు వేసి తొక్కాం. ఆకుల మీద బొగ్గు మసి లేకుండా తడిగుడ్డతో తుడిచాం కూడా. అక్క దగ్గుతూనే వరసంతా తిరిగి, వంకరగా ఉన్నవాటిని సరిచేసింది. మా పని చూసి మాకే ముచ్చటేసింది. "ఓలమ్మో, ఎంత సక్కగున్నాదే!" అంది అక్క. తనిఖీవాళ్ళు జీపులోంచే చూసి తలాడించి వెళ్ళిపోయారు.

ఎనిమిది రోజులు తిరక్కుండా గేటు మీద నోటీసు అంటించారు. తోట పూర్తిగా పెరిగిందనీ, తనిఖీవాళ్ళే మెచ్చుకున్నారనీ, ఇక నీళ్ళ గ్యాంగు అవసరం లేదనీ. నోటీసు నేనే పైకి చదివి వినిపించాను, మాలో పది చదివింది నేనొక్కదాన్నే. చదువుతూ ప్రహరీ వైపు చూశాను. ఆ కొమ్మలు అప్పటికే ఎండి గలగలమంటున్నాయి. మా మెడకి ఉరి మేమే పేని, మేమే మడమేసి తొక్కాం.

ఆఫీసరు గది దగ్గరకి వెళ్ళాను. జీపు ఎక్కబోతున్నాడు. "పేర్లు రాత్తానన్నారు కదండీ" అన్నాను. నా చెయ్యి జీపు తలుపు మీద ఉంది. ఆయన నా మొహం చూడలేదు, నా చెయ్యి చూశాడు. జేబురుమాలు తీసి, నేను చెయ్యి తియ్యగానే ఆ చోటు తుడుచుకుని ఎక్కి వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా ఇంత మండేది కాదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఫిషింగ్ హార్బర్‌లో ఐసు గంపలు మోశాను. తెల్లారకముందే లేచి, చేతులు కొంకర్లుపోతుంటే, ఆ తుడుచుకోవడం తల్చుకునేదాన్ని. ఒంట్లో వేడి పుట్టేది. అక్క చేపలు ఏరే పనికి వచ్చేది. రెండు గంపలు ఏరి కూర్చుండిపోయేది. "ఒగ్గీయే, ఆడి పాపాన ఆడే పోతాడు" అనేది. నేను ఒగ్గలేదు. ఆడు తనంతట తనే పోయేదాకా కూర్చునే ఓపిక నాకు లేదు.

రెండువేల సంవత్సరం దాటాక పెద్దాయన మా ఇంటికొచ్చాడు. మోడా వేశాను గానీ మంచినీళ్ళివ్వలేదు. "మమ్మల్ని తీసీసినప్పుడు ఎక్కడున్నారండీ?" అని అడిగాను. "తప్పయిపోయిందమ్మా. మీకు ఓటు లేదని నేనూ లెక్కచెయ్యలేదు" అన్నాడు. అంత తిన్నగా ఒప్పుకునేసరికి లేచి కుండ దగ్గరకి వెళ్ళాను. అప్పుడు మంచినీళ్ళిచ్చాను. ఈసారి యూనియన్ రెండే రెండు అడగబోతోందన్నాడు. ఓడల నుంచి బొగ్గు మోసుకొచ్చే బెల్టులకి, పొడి లేవకుండా మూతలు. నీళ్ళ గ్యాంగుకి, తోట పనికి రోల్ మీద ఉద్యోగాలు.

ఊరంతా తిరిగాం. వన్‌టౌన్‌లో ఇంటికో తెల్లగుడ్డ తీసుకున్నాం. ఒక్క రోజు డాబా మీద ఆరేసి, సాయంత్రం నల్లబడ్డాక తీసి, మూలన ఆ వీధి పేరు రాసి కట్ట కట్టాం. మునుపు నవ్విన మగాళ్ళు కూడా భార్యలు కసిరేసరికి గుడ్డలు తెచ్చిచ్చారు. అర్జీ వెళ్ళింది. తనిఖీవాళ్ళు మళ్ళీ వస్తున్నామన్నారు, ఈసారి నడిచి చూస్తామన్నారు.

ఆ వారంలోనే ఆఫీసరు మనిషి అక్క దగ్గరకొచ్చాడు. ఒక్క రోజు పని, కానుగ కొమ్మలే, వచ్చి పాతిపెట్టండి అని. కొమ్మ వాలకుండా పాతడం చేతనైనవాళ్ళం మేమే మరి! అక్క ఛీ పొమ్మనబోయింది. నేను ఆవిడ చెయ్యి నొక్కాను. "వత్తామని సెప్పు" అన్నాను.

నా ఆలోచన చాలా చిన్నది. మా ఊళ్ళో పొద్దున్న గాలి ఉండదు, ఉన్నా భూమి మీంచి సముద్రం వైపు మెల్లగా పోతుంది. పదకొండు దాటాక సముద్రం గాలి తిరుగుతుంది, ఇక సాయంత్రం దాకా ఆగదు. కొమ్మలు పాతుదాం, మడమ మాత్రం వెయ్యొద్దు అని మిగతా ఏడుగురికీ చెప్పాను. పెద్దాయనకీ చెప్పాను, తనిఖీవాళ్ళని గేటు దగ్గర ఆపమని.

"ఎంతసేపమ్మా?" అన్నాడు, మొహం పాలిపోయి.

"గేటు మీద మన జెండా ఊరి వైపు తిరిగేదాకా" అన్నాను.

ఆ రోజు ఆయన చదివిన అర్జీ నేను చచ్చేదాకా మర్చిపోను. ఎండలో నిలబెట్టి ఒక్కో గుడ్డా విప్పాడు, ఒక్కో వీధి పేరూ చదివాడు, ఒక్కో ఇంట్లో ఎంతమంది పిల్లలకి ఆయాసమో చెప్పాడు. తనిఖీ పెద్ద బక్కపల్చటి మనిషి, ఓపిగ్గా విన్నాడు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. లోపల తోట పచ్చగా నిలబడి ఉంది. నేను జెండానే చూస్తున్నాను. వాలిపోయి ఉన్న జెండా ఒకసారి కదిలి, మళ్ళీ పడిపోయి, తర్వాత ఒక్కసారిగా ఊరి వైపు లేచింది. పెద్దాయన గుడ్డల కట్ట మూసేశాడు. "ఇక పదండి బాబూ, మీరే చూడండి."

మొదటి కొమ్మ వాళ్ళు పది అడుగుల దూరంలో ఉండగానే పడింది. గాలికండీ, అన్నాడు ఆఫీసరు. రెండోది, మూడోది పడ్డాయి. తర్వాత వరసకి వరసే ఒరిగింది. ఆయన పరుగెత్తుకెళ్ళి ఒక కొమ్మని వీపుకి ఆనించుకుని, చేతులు వెనక్కి పెట్టి పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడి తనిఖీ పెద్దతో వానల గురించి మాట్లాడాడు! గ్యాంగులో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

కానీ చివరి వరస నిలబడే ఉంది. అక్క పాతింది అది. నాకేసి చూసి నెమ్మదిగా అంది, "ఏటి సేత్తానే, కాలు దానంతటదే తొక్కీసింది." ఆఫీసరుకి ప్రాణం లేచొచ్చింది. "చూడండి సార్, ఇవి బాగా వేళ్ళూనుకున్నాయి" అన్నాడు. నేను నడిచి వెళ్ళాను. ఒక కొమ్మని రెండు చేతులా పట్టి పీకాను. కత్తితో ఏటవాలుగా కోసిన మొదలు, వేరు మాటే లేదు. దాన్ని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "ఇదిగోండి సార్ మీ తోట" అన్నాను. పెడుతూ ఆయన తెల్ల చొక్కాకి నా చెయ్యి ఆనించాను, కావాలనే. అయిదు వేళ్ళూ పడ్డాయి. తుడుచుకోలేదు ఈసారి.

గెలిచాం. చర్చలు చాలాకాలం సాగాయి గానీ గెలిచాం. బెల్టులకి మూతలొచ్చాయి, నీళ్ళ గ్యాంగుని రోల్ మీద వేశారు, నన్ను మేస్త్రీని చేశారు. అక్కకి ప్రహరీ దగ్గర నారుమడి పని ఇచ్చారు, కార్డు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఆవిడ నవ్విన నవ్వు చూసి ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. ఆఫీసరు ఉద్యోగం పోలేదు, అలాంటివాళ్ళకి పోవు. చల్లగది తీసేసి తూకం గదిలో కూర్చోబెట్టారు. లారీలు బరువు తూచే చిన్న రేకుల గది అది. దాని పక్కనే పెద్ద బొగ్గు గుట్ట. డ్రైవర్లకి చీటీలు అందించాలి కాబట్టి కిటికీ మూయడానికి లేదు.

కథ ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నే అనిపించుకుంటాను. కానీ మొదటే చెప్పాను కదా నా గుణం.

గొట్టం ఏ గుట్ట నుంచి మొదలై ఏ గుట్ట దగ్గర ఆగాలో చెప్పేది మేస్త్రీ. తూకం గది పక్క గుట్టని ఆఖరున పెట్టాను. అక్కడికి చేరేసరికి చాలా రోజులు టాంకు అడుగంటేది. అడుగంటకపోయినా పొద్దుపోయిందని గొట్టం చుట్టించేసేదాన్ని. సముద్రం గాలి లేవగానే ఆ పొడి లేచి తిన్నగా ఆ కిటికీలోకి పోయేది. మొదట్లో రెండు చొక్కాలు తెచ్చుకునేవాడు. తర్వాత ఒకటే, అదీ ముదురు రంగుది. ఆయన దగ్గు నాకు గొట్టం మోతలో కూడా వినిపించేది. హాయిగా ఉండేది, అబద్ధం ఎందుకు? ఒక్క రోజు కాదు, రెండేళ్ళ పైగా చేశాను. ఆ రెండేళ్ళూ పెద్దాయనతో కలిసి మీటింగులకి వెళ్ళి, గాలి బాగుచేసే పని ఎంత గొప్పదో కొత్తగా చేరిన ఆడపిల్లలకి నేనే చెప్పేదాన్ని.

ఒకరోజు అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మందులతో ఆవిడకి బాగా నెమ్మదించింది, నెలకోసారి చూపించుకుంటే చాలు. టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. మా తర్వాత చాలామందికి వెనక, గోడకి ఆనుకుని ఆఫీసరు నిలబడి ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. దగ్గొస్తే రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, తీస్తే రుమాలు మీద నల్లటి మరక. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

మా నంబరు పిలిచారు. అక్క లేచి లోపలికి వెళ్ళలేదు. గోడ దగ్గరకి వెళ్ళి తన టోకెన్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నాడు, అనబోయి దగ్గాడు. అక్క ఆయన మోచెయ్యి పట్టుకుని డాక్టరు గది దాకా నడిపించి వచ్చింది.

నాకు ఒంటి మీద నిప్పులు పోసినట్టయింది. "సిగ్గు లేదేటే నీకు? ఆడికిత్తావా నీ టోకెను? ఆ కార్డు కోసం నాను ఎంత సచ్చానో తెలీదా?" అన్నాను.

అక్క నా వైపు తిరక్కుండానే అంది. "ఆ దగ్గు నాకెరికే. అది మన యార్డు దగ్గు."

"అయితే?"

"తూకం గది పక్క గుట్ట ఎప్పుడు సూసినా పొడిగానే ఉంటాది. నారుమడి కాడినించి నాకు కనబడదనుకున్నావేటి?"

"మడమెయ్యడం నేర్పినాను నీకు, గొట్టం పట్టడం నేర్పినాను. ఇది నాను నేర్పినాదేనేటే?" అంది. అరవలేదు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోలేదు. ఆయన బయటికొచ్చేదాకా బెంచీ మీద అలాగే కూర్చుంది.

మర్నాడు పొద్దున్న గొట్టం ముందు తూకం గది వైపే లాగించాను. "ఏటక్కా, వరస మారిపోనాది?" అన్నారు గ్యాంగులో కొత్త ఆడపిల్లలు. నోరుమూసుకుని లాగండన్నాను. టాంకు సగం అయ్యేదాకా ఆ గుట్ట మీద నీళ్ళు కొట్టించాను, నల్లటి నీళ్ళు గది మెట్ల దాకా పారాయి. కిటికీలో ఆయన లేడు. సెలవు పెట్టాడన్నారు. ఆ సెలవు నుంచి ఆయన మళ్ళీ రాలేదు.

ఆ గదిలో తర్వాత ఎవరినీ వెయ్యలేదు, తూకం వేరే చోటికి మార్చి తాళం పెట్టేశారు. ఆయన జీపు తలుపు తుడుచుకోవడం నేను ఇప్పటికీ క్షమించలేదు. అయినా యార్డు మూతపడేదాకా, రోజూ పొద్దున్నే, ఆ ఖాళీ గది పక్క గుట్టకే మొదట నీళ్ళు పెట్టాను.